ఒకే దుంగ, 41 వీణలు

సిరిమానోత్సవానికి విజయనగరం వచ్చిన చుట్టాలంతా మా ఇంట్లో భోజనాలకు కూర్చున్నప్పుడు నోరు జారాను. తాతల తిథులు, పొలం సర్వే నంబర్లు, పెళ్లిళ్లలో ఎవరెంత చదివించారో అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తానన్నాను. రాజాం బాబాయి తెగ సంతోషించాడు. ఆ సంతోషం ఎంత ప్రమాదమో అప్పుడు తెలియలేదు.

ఎక్కించాలంటే ముందు దేనిలోకో తేలాలి కదా. కార్తీకమంతా అందులోనే గడిచింది. అబ్సిడియన్ అనే నోట్స్ రాసుకునే సాఫ్ట్‌వేర్ బాగుంది. రాసినదంతా మామూలు ఫైళ్లుగా మన దగ్గరే ఉంటుంది, రేపు ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. అది నచ్చిన మర్నాడే జాప్లిన్ కంటపడింది. ఆ పై వారం ఇంకొకటి. ప్రతిదానిలోనూ నేను రాసుకున్న మొదటి చీటీ ఒకటే: మిగతావాటి కంటే ఇది ఎందుకు మేలు. నిక్లాస్ లూమన్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త దాదాపు 90,000 చీట్లు రాసి పెట్టెల్లో దాచుకున్నాడు. ఆయన చీట్లు రాశాడు. నేను పెట్టెలు బేరమాడుతున్నాను.

చివరికి టిడ్లీవికీ దగ్గర ఆగాను. 2004లో వచ్చింది. మనం రాసిన రాతలు, వాటిని నడిపే యంత్రాంగం, అంతా బ్రౌజర్లో తెరుచుకునే ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలు. ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణలాగా ఎక్కడా అతుకు లేదు. ఈ పోలిక తట్టాక ఇంక ఆలోచించలేదు.

ఆలోచించవలసింది. బ్రౌజర్ మన డిస్కులోని ఫైలును తనంతట తాను తిరగరాయదు. వేరే ఏర్పాటు చేసుకోకపోతే, సేవ్ చేసినప్పుడల్లా కొత్త నకలొకటి డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో పడుతుంది. ఇది వాళ్లు దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. చదవవలసిన సమయంలో నేను వీణ గురించి మురిసిపోతున్నాను.

సంక్రాంతి ముందు బాబాయి ఫోను చేశాడు. "ఒరేయ్, తాతగారి ఆబ్దికం తిథి చూసి చెప్పు. నువ్వు ఎక్కించేశావు కదా అని ఆ పాత పుస్తకం పాతపేపర్లవాడికి వేసేశాను."

'తిథి' అని వెతికాను. లేదు. మళ్లీ వెతికాను. లేదు. కాసేపటికి బుర్ర వెలిగింది: ఎక్కించేటప్పుడు 'తిధి' అని కొట్టాను. థకీ ధకీ మధ్య మనుషులం సర్దుకుపోతాం, యంత్రానికి అంత పెద్దమనసు ఉండదు. తప్పును తప్పుగానే కొడితే వచ్చింది: పుష్య దశమి. హమ్మయ్య అనుకుంటూ ఫోల్డర్ వైపు చూశాను. 41 వీణలు. నేను తెరిచింది 17వది. 29వ దానిలో ఏకాదశి అని దిద్ది ఉంది. 38వ దానిలో మళ్లీ దశమి. ఏదో పాత నకలు తెరిచి దాని మీదే రాసుకుంటూ పోయినట్టున్నాను.

"ఉండు బాబాయ్, తెరుచుకుంటోంది" అన్నాను.

"ఏకాదశి అని చెప్పండి" అంది వంటింట్లోంచి మా ఆవిడ. బియ్యం డబ్బాల అలమర తలుపు తెరిచి ఉంది. దాని లోపలివైపు పెన్సిలుతో తిథులు, గ్యాస్ బండ మార్చిన తేదీలు, చదివింపులు. పైన మా అమ్మ చేతిరాత, సగం నుంచి ఈవిడది. అదీ ఒకే చెక్క.

"ఏకాదశి, బాబాయ్" అన్నాను, కంప్యూటరే చెప్పినంత ధీమాగా.

రెండు నిమిషాలకు ఫోను మళ్లీ మోగింది. "బాగుందిరా నీ కంప్యూటరు. ఇంతకీ శుద్ధమా, బహుళమా?"

ఫోను పట్టుకుని వంటింట్లోకి నడిచాను.