తిమింగలం ఏం పాపం చేసింది?

మొన్న నల్గొండ వెళ్లినప్పుడు చిన్నాయనతో కలిసి బస్టాండు దగ్గర హోటల్లో చాయ్ తాగుతూ పేపర్ తిరగేశాను. లంచం తీసుకుంటూ దొరికిన ఒక ఆఫీసరు ఫొటో, పైన అలవాటైన శీర్షిక: 'వలలో అవినీతి తిమింగలం'.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ నాకూ తిమింగలమంటే పేపర్లోదే. మనకు సముద్రమెక్కడిది? బోస్టన్ వచ్చాక ఒక వేసవిలో పడవెక్కి స్టెల్‌వాగన్ బ్యాంక్ అనే సముద్రం అడుగు మిట్ట దాకా వెళ్లి హంప్‌బ్యాక్ తిమింగలాలను చూశాను. అప్పటినుంచి ఈ తిట్టు చదివితే చిరాకేస్తుంది.

పేరు వల్లే వచ్చింది తంటా. సంస్కృతంలో తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. కానీ 30 మీటర్ల దాకా పెరిగే నీలి తిమింగలం నోట్లో ఒక్క పన్నూ ఉండదు. తినేది రొయ్యల్లాంటి చిన్న క్రిల్. నోటినిండా నీళ్లు పట్టి, పై దవడకు వేలాడే కుచ్చుల్లాంటి పలకల గుండా, అన్నం వార్చినట్టు నీళ్లు బయటికి నెట్టేస్తుంది. మిగిలిన క్రిల్‌నే మింగుతుంది. రోజుకు టన్నుల కొద్దీ తింటుందిలెండి, ఒంటికి తగ్గ తిండి.

"అంటే మన సాగర్‌ల బొచ్చె లెక్కనా?" అన్నాడు చిన్నాయన. సరిగ్గా పట్టాడు. బొచ్చె చేప కూడా నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడకట్టుకునే తింటుంది. పళ్లున్న తిమింగలాలూ లేకపోలేదు. స్పెర్మ్ తిమింగలం స్క్విడ్లనే మెత్తటి సముద్ర జీవుల కోసం కిలోమీటరు లోతుకైనా దిగుతుంది. ఆ తిండి కూడా కష్టార్జితమే!

అసలు మింగింది మనుషులు. ఒక్క 20వ శతాబ్దంలోనే దాదాపు 29 లక్షల తిమింగలాలను చంపారు. వాటి కొవ్వు సబ్బులైంది, రొట్టెల మీద వెన్నకు బదులు రాసుకునే మార్గరీన్ అయింది. వ్యాపార వేటపై అంతర్జాతీయ నిషేధం 1986లో గానీ అమల్లోకి రాలేదు. మా బోస్టన్ తీరానికొచ్చే 'రైట్' అనే జాతి తిమింగలాలు ఈరోజు నాలుగొందలు కూడా లేవు. ఓడలు గుద్ది, చేపలవాళ్ల తాళ్లు చుట్టుకుని ఇప్పటికీ చస్తున్నాయి.

నన్నడిగితే పేపర్లవాళ్లు పందికొక్కు అని రాయాలి. గాదె కింద చేరి ఇంటివాళ్ల వడ్లు తినే జీవి ఉండగా, ఎక్కడో సముద్రంలో ఉన్నదాని మీద పడటం దేనికి? మన సంఘం పత్రికలోనూ ఈ తిట్టు కనిపించింది, సంపాదకులు గమనించగలరు.

హంప్‌బ్యాక్ తల్లి సంగతి కూడా చిన్నాయనకు చెప్పాను. వేసవంతా మా వైపు తిని కొవ్వు పట్టి, చలికాలం కరీబియన్ వెచ్చటి నీళ్లకు పోయి ఈనుతుంది. అక్కడ నెలల తరబడి దాదాపు ఏమీ తినదు. దాచుకున్న కొవ్వంతా పాలుగా పిల్లకే పోస్తుంది.

చిన్నాయన పేపర్ మడిచి చంకలో పెట్టుకున్నాడు. "వీళ్లు గూడ పిల్లల కోసమే దాసినమంటరు బిడ్డా," అని చాయ్ పైసలు ఇవ్వడానికి లేచాడు.