“వేలు పడలేదంటే దొంగే” అన్న మాటకు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది: “వేలిముద్ర మిషన్ వచ్చాక పేదల సొమ్ము పైసా పక్కకు పోదు. డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలోనే పడుతుంది. వేలిముద్రను ఎవరూ దొంగిలించలేరు. వేలు పడలేదంటే దొంగ లబ్ధిదారే.”

చివరి మాటతోనే మొదలుపెడదాం. ఎక్కువ నష్టం చేసేది అదే.

ఆధార్ సర్వర్ నుంచి 300 అనే కోడ్ వస్తే, ఇప్పుడు పెట్టిన ముద్ర నమోదైన ముద్రతో కలవలేదని మాత్రమే అర్థం. 330 వస్తే ఆ మనిషి బయోమెట్రిక్ (వేలిముద్ర, కనుపాప గుర్తులు) లాక్ అయి ఉందని. మనిషి దొంగ అని చెప్పే కోడ్ లేదు. సిమెంటు, సున్నం కలిపే చేతుల్లో, రాళ్లు కొట్టే చేతుల్లో గీతలు అరిగిపోతాయి. వయసు మీద పడినా అంతే. ముందు స్కానర్ అద్దం తుడవాలి, వేలు కడిగి తడి లేకుండా ఆరబెట్టాలి, గట్టిగా నొక్కకూడదు. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు పెట్టి చూడాలి, అది తక్కువ అరుగుతుంది. అదీ కుదరకపోతే కనుపాప లేదా ఓటీపీ. ఆపైన ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్. వేలు పడలేదన్న కారణంతో అర్హులకు సాయం ఆపకూడదని 2018 సెప్టెంబరు తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ మిషన్ వల్ల మేలు లేదనడం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలికీ, పింఛనుకూ బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డులు పెట్టినప్పుడు 157 మండలాల్లో పరిశోధకులు అధ్యయనం చేశారు. కూలి డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం ఒక్కోసారికి సుమారు 22 నిమిషాలు తగ్గింది, మధ్యలో మాయమయ్యే సొమ్మూ తగ్గింది. అయితే కార్డు లేనివాళ్లకు పాత పద్ధతిలో చెల్లింపు అప్పట్లో ఆపలేదు. ఆ రెండో దారిని మూసేసి, మిషన్ ఒక్కటే చాలంటే ఆ ఫలితం రాదు.

ముద్రను దొంగిలించలేరా? 2018లో పెద్దపల్లి జిల్లాలో భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వాటితో సిమ్‌లు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది. పిన్ అయితే మార్చుకోవచ్చు, వేలు మార్చుకోలేం. వాడనప్పుడు ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి. కానీ రేషన్‌కు వెళ్లేముందు దాన్ని తీయాలని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఉంచకపోతే 330 కోడ్‌తో ఖాళీ సంచి పట్టుకుని తిరిగొస్తారు.

“నేరుగా ఖాతాలోనే” అన్నది సగం నిజం. ఎన్ని ఖాతాలకు ఆధార్ ఇచ్చినా, ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో (ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో చూపే జాబితాలో) చివరిగా సీడింగ్ అయిన, అంటే ఆధార్‌తో జతయిన, బ్యాంకుకే డబ్బు వెళ్తుంది. 2017లో సిమ్ వెరిఫికేషన్ పేరుతో ఓ పేమెంట్స్ బ్యాంకు ఖాతాలు తెరిస్తే, చాలామంది గ్యాస్ సబ్సిడీ వాళ్లకు తెలియకుండానే అందులో పడింది. డబ్బు రాలేదంటే ముందు ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. అక్కడున్నది వేరే బ్యాంకు అయితే, కావలసిన బ్యాంకుకు వెళ్లి సీడింగ్ మార్పు ఫారం ఇవ్వాలి.

ఇక “పైసా పక్కకు పోదు”. ఊళ్లో కస్టమర్ పాయింట్ (బ్యాంకు తరఫున డబ్బిచ్చే ఏజెంటు) దగ్గర డబ్బు తీయడానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలు చాలు. పిన్ అడగరు. స్క్రీన్ మీద విత్‌డ్రా, బ్యాలెన్స్, మినీ స్టేట్‌మెంట్ అని ఉంటాయి. ఏది నొక్కారో చదవలేని అవ్వకు తెలియదు. “వేలు పడలేదమ్మా, ఇంకోసారి పెట్టు” అంటే పెడుతుంది. మొదటిసారే డబ్బు పోయి ఉండొచ్చు. అందుకే వేలు పెట్టిన ప్రతిసారీ, ఫెయిలైనా సరే, రసీదు తీసుకోవాలి. దాని మీద ఆ లావాదేవీని గుర్తుపట్టే 12 అంకెల నంబరు, ఆర్‌ఆర్‌ఎన్, ఉంటుంది.

మిషన్ నిజంగా ఫెయిలై ఖాతాలో డబ్బు తగ్గితే 5 రోజుల్లో తిరిగి జమ కావాలి, దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి. ఇది రిజర్వ్ బ్యాంకు 2019లో పెట్టిన నియమం. లావాదేవీ సక్సెస్ అయ్యి నగదు మాత్రం చేతికి రాకపోతే అది ఫెయిల్యూర్ కాదు, మోసం. బ్యాంకుకు ఆర్‌ఆర్‌ఎన్‌తో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. వివరాలకు రిజర్వ్ బ్యాంకు నంబరు 14448కు ఫోన్ చేయండి.