రోగాన్ని వేలం వేస్తారా?

తెగులు సోకిన చెట్టును కొట్టించి, మర్నాడే బెరడైనా వలవని దుంగలను వేలం వేసేసి, దానికి తెగులు నివారణ అని పేరు పెడుతున్నారు. దుంగ ఎటు పోయిందో అడిగే నాథుడు లేడు.

చెట్టు కూలినంత మాత్రాన లోపలి శిలీంధ్రం చావదు. బెరడు పురుగులకైతే అప్పుడే కొట్టిన పచ్చి దుంగ పురిటిల్లే. బెరడు పురుగులు మోసుకొచ్చి ఎల్మ్ చెట్లను చంపే శిలీంధ్ర రోగం డచ్ ఎల్మ్ తెగులు. అందులో ఉధృతమైన రకం 1960ల్లో బ్రిటన్‌లో దిగింది ఉత్తర అమెరికా ఎల్మ్ దుంగల మీదే. కోట్లాది చెట్లు పోయాయి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే, యాష్ చెట్లను తొలిచే పురుగు రెక్కల మీద పోయిన దూరం కొంతే, పొయ్యి కట్టెలతో బండెక్కి పోయిన దూరమే ఎక్కువ.

దేశం దాటే సరుకు కింద వేసే చెక్క ప్యాలెట్‌కు ఐఎస్‌పీఎం-15 అనే అంతర్జాతీయ తెగులు నివారణ ప్రమాణం ఉంది. బెరడు తీయాలి, వేడి పద్ధతైతే చెక్క నడిగర్భం దాకా 56 డిగ్రీల సెల్సియస్ తగ్గకుండా 30 నిమిషాలు తగలాలి, ముద్ర పడాలి. రోగముందని తెలిసే కొట్టిన దుంగ పక్క జిల్లాకు పోవాలంటే మాత్రం తాడు బిగిస్తే చాలు! పరాయి దేశపు చెట్ల మీద ఉన్న శ్రద్ధ సొంత చెట్ల మీద లేదా?

కలపను మట్టిపాలు చేయమంటారా అని వ్యాపారులు అడుగుతున్నారు. అక్కర్లేదు, అక్కడికక్కడే వాడుకోవచ్చు. అసలు చిక్కు కొట్టే తీరులోనే ఉంది. ఆరోగ్యంగా ఉన్న చెట్ల పని ముందు ముగించి, తెగులు చెట్టును ఆఖరున పట్టుకోవాలి. రంపానికి అంటిన పొట్టు, జిగురు బ్రష్‌తో గీకేశాకే 70 శాతం ఆల్కహాల్ కొట్టాలి; మురికి మీద కొడితే మందు మురికికే సరి. ఇంజను ఆపి, చల్లారాక కొట్టాలి, లేకుంటే అంటుకుంటుంది. బ్లీచింగ్ ద్రావణం పనిచేస్తుంది గానీ ఇనుమును తినేస్తుంది, వెంటనే కడిగి నూనె రాయాలి. ప్లేన్ చెట్లను చంపే శిలీంధ్ర తెగులు కాంకర్ స్టెయిన్ రంపపు పొట్టుతోనూ వ్యాపిస్తుంది కాబట్టి లారీ తొట్టిని ఊడ్చాకే కదలనివ్వాలి.

బెరడు కింద గుడ్లు పెట్టే పురుగులకు బెరడు వలిస్తే చాలా మటుకు తీరుతుంది, వలిచిన బెరడును అక్కడే వదిలేయకుండా నాశనం చేస్తేనే సుమా. చెక్కలోకే తొలుచుకుపోయే పురుగులకు ఈ చిట్కా పారదు. వాటికి వేడి పెట్టాలి, లేదా సన్నగా ముక్కలు కొట్టాలి. యాష్ బోరర్‌కైతే ముక్క 2.5 సెంటీమీటర్లు మించకూడదు. ఓక్ చెట్లను వాడ్చి చంపే శిలీంధ్ర తెగులు ఓక్ విల్ట్ సోకిన దుంగలను, తెగులు మోసే పురుగులు రాకపోకలు చేయకుండా ప్లాస్టిక్ షీటుతో కప్పి అంచులను మట్టిలో పూడ్చమంటారు. మనవాళ్లు టార్పాలిన్ పైపైన పరిచి నాలుగు రాళ్లు పెడతారు, పురుగుకు నీడ అమరుతుంది. ఏడాది ఎండబెట్టాం కదా అన్న ధీమా కూడా పనికిరాదు, యాష్ బోరర్ రెండో ఏడూ బయటికి రాగలదు. మోడును నేలమట్టానికి కోసి బెరడు వలవడం బిల్లులో ఉంటుంది, పనిలో ఉండదు.

వేలం ప్రకటనలో కొలత, ధరావతు, గడువు అన్నీ రాస్తారు. తెగులు పేరు మాత్రం రాయరు. కొనేవాడికి చెప్పకుండా రోగాన్ని అంటగట్టే హక్కు మీకెవరిచ్చారు? ముందు ఆ పేరు రాయండి. బెరడు తీయించి, తొట్టి ఊడ్పించి, దుంగ చేరే చోటు కాగితం మీద పెట్టాకే లారీని పిలవండి.