సవరణ: మన రంగు చర్మానికీ క్యాన్సర్ వస్తుంది

మామిడి తోటల్లో పనిచేసేవాళ్ల గురించి పోయిన వారం రాస్తూ, "స్క్వామస్ సెల్ చర్మ క్యాన్సర్ (చర్మం పైపొరలో పుట్టేది) ఎండ వల్లే వస్తుంది, మన రంగువాళ్లకు టెన్షన్ అక్కర్లేదు" అన్నాను. అది తప్పు. తిరుపతిలో ఒక చర్మవైద్యురాలు చెప్పాక వైద్య పుస్తకాల్లో కూడా చూశాను.

ముదురు రంగు ఎండ నుంచి కొంత కాపాడే మాట నిజమే. కానీ ఎండ తగలని చోట కూడా, ముఖ్యంగా పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద ఇది వస్తుంది. చిత్తూరు వైపు బెల్లం వండేచోట పాకం పడి కాలు కాలినవాళ్లు ఉంటారు. ఆ మచ్చ ఇరవై ముప్ఫై ఏళ్లు ఊరికే ఉండి, తర్వాత పుండు పడొచ్చు. అంచులు గట్టిగా పైకి లేస్తాయి, పంచె రాసుకున్నా రక్తం వస్తుంది, వాసన వేస్తుంది. డాక్టర్లు దీన్ని మార్జోలిన్ అల్సర్ అంటారు.

దయచేసి ఆకుపసర్లు, ఆయింట్‌మెంట్లు మారుస్తూ నెలలు గడపకండి. నాలుగు వారాలైనా మానకపోతే బయాప్సీ (పుండు నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) గురించి అడగండి. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం వద్దు. తొందరగా పట్టుకుంటే, చుట్టూ కొంత మంచి చర్మంతో కలిపి కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. గజ్జల్లోనో చంకలోనో గడ్డ తగిలితే అస్సలు ఆగొద్దు. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో చర్మ విభాగం, స్విమ్స్ ఆసుపత్రిలో క్యాన్సర్ విభాగం ఉన్నాయి.

కొత్తగా లోతుగా కాలితే డాక్టరు చర్మం అతికించాలని చెప్తే వాయిదా వేయకండి. ఎండలో నిండు చేతుల చొక్కా, తలపాగా వేసుకోమని పోయిన వారం రాసింది మాత్రం సరైనదే.