‘నుంచి’కి ఒక్క అర్థమే నేర్పితే బిట్లు తప్పక ఏం చేస్తాయి?

ఇంగ్లీషులో ఖాళీలు పూరించే బిట్లు తప్పాయంటే చాలు, పిల్లలకు తెలుగు అడ్డొస్తోందని తేల్చేస్తారు. ఈ మాట నేను ఒప్పుకోను. అడ్డొస్తున్నది తెలుగు కాదు. ఒక్కో తెలుగు ప్రత్యయానికి ఒక్కో ఇంగ్లీషు మాట అతికించి బట్టీ పట్టించే అలవాటు. ‘లో’ అంటే ఇన్, ‘తో’ అంటే విత్, ‘నుంచి’ అంటే ఫ్రమ్. చిన్న తరగతుల్లో మొదలైన ఈ జాబితా పోటీ పరీక్షల దాకా వెంటొస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పెట్టే సీజీఎల్ పరీక్ష తొలి దశ, టైర్ 1లో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 మార్కులు, తప్పు జవాబుకు అర మార్కు కోత. అక్కడ ఈ జాబితాను నమ్ముకున్నవాళ్లు మునుగుతారు.

‘నుంచి’ సంగతే చూడండి. ‘హి హ్యాజ్ బీన్ వర్కింగ్ హియర్ ____ త్రీ ఇయర్స్.’ తెలుగులో ‘మూడేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాడు’. నుంచి ఉంది కాబట్టి ఫ్రమ్ అని కొందరు, కాలం మాట కాబట్టి సిన్స్ అని ఇంకొందరు పెడతారు. రెండూ తప్పే, జవాబు ఫర్. ఖాళీ పక్కనున్న మాట ఏ ప్రశ్నకు జవాబో చూసుకోవాలి. ‘ఎన్నాళ్లు?’ అన్నదానికి జవాబైతే ఫర్. ‘ఎప్పుడు మొదలు?’ అన్నదానికైతే సిన్స్. త్రీ ఇయర్స్, టెన్ మినిట్స్, ఎ లాంగ్ టైమ్ మొదటి రకం. 2019, మార్నింగ్, చైల్డ్‌హుడ్ రెండో రకం. ‘లాస్ట్’ కనిపించగానే సిన్స్ పెట్టే వాళ్లున్నారు, అక్కడా ఇదే పరీక్ష పెట్టాలి: సిన్స్ లాస్ట్ మండే, కానీ ఫర్ ద లాస్ట్ టూ మంత్స్.

అదే వాక్యంలో ఖాళీ క్రియ దగ్గర వస్తే ఇంకా ఎక్కువమంది పడతారు. ‘హి ____ హియర్ సిన్స్ 2019.’ పనిచేస్తున్నాడు కదా అని ఈజ్ వర్కింగ్ పెడతారు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి తెలుగులో వేరే క్రియారూపం లేదు. ‘నుంచి’, ‘తున్నాడు’ కలిసి ఆ పని చేస్తాయి. ఇంగ్లీషులో ఆ భారం క్రియ కూడా మోయాలి, అందుకే హ్యాజ్ బీన్ వర్కింగ్. ఇక ‘ఫర్ కనిపిస్తే హ్యాజ్ బీన్ పెట్టెయ్’ అనే షార్ట్‌కట్ ఉంది, అది నిలువునా ముంచుతుంది. ‘హి లివ్డ్ ఇన్ గుంటూరు ఫర్ త్రీ ఇయర్స్’ శుభ్రమైన వాక్యమే: అక్కడ మూడేళ్లు ఉన్నాడు, ఇప్పుడు లేడు. ‘మూడేళ్లు ఉన్నాడు’కీ ‘మూడేళ్ల నుంచి ఉంటున్నాడు’కీ తేడా మన పిల్లలకు పుట్టుకతో తెలుసు. తెలిసిన ఆ తేడాను వాడుకోనివ్వకుండా తెలుగులో ఆలోచించొద్దని కసురుకోవడం అన్యాయం.

ఎ, యాన్ విషయంలో మన లిపే పెద్ద సాయం. ఖాళీ తర్వాతి మాటను తెలుగులో రాయండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ రూపీ నోట్: అన్నీ హల్లులు, కాబట్టి ఎ. అవర్, ఎమ్మెల్యే, ఎస్సై: అచ్చులు, కాబట్టి యాన్. స్పెల్లింగులో ఏ అక్షరం ఉందన్నది అనవసరం. అయితే మన ఉచ్చారణ రెండు చోట్ల దెబ్బతీస్తుంది. ఎగ్‌ను యెగ్ అని, ఓపెన్‌ను వోపెన్ అని పలికి ‘ఎ యెగ్’ అనేస్తాం. హెచ్ పలకని ఆనెస్ట్‌ను హానెస్ట్ అంటాం. ముందు ఈ ఉచ్చారణలు దిద్దాలి. ఇంకొకటి, చూడాల్సింది నామవాచకాన్ని కాదు, ఖాళీని ఆనుకున్న మాటను: ఎ యూనివర్సిటీ, యాన్ ఓల్డ్ యూనివర్సిటీ.

తెలుగు అసలు సాయం చేయని చోట్లూ ఉన్నాయి, అవి దాచకుండా చెప్పాలి. ‘____ ద హెవీ రెయిన్, ద మ్యాచ్ వాజ్ ప్లేడ్.’ ‘____ ఇట్ రెయిన్డ్ హెవిలీ, ద మ్యాచ్ వాజ్ ప్లేడ్.’ మనకు రెండూ ‘భారీగా వాన కురిసినా’నే. అర్థం పట్టుకుని వెతికితే డిస్పైట్, ఆల్దో రెండూ సరిపోయినట్టే అనిపిస్తాయి. అక్కడ కామా దాకా చదివి కర్త, క్రియ రెండూ ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే డిస్పైట్, ఉంటే ఆల్దో. అంతే.

కొన్ని క్రియలు, విశేషణాలు తమ జతను తామే తెచ్చుకుంటాయి. డిపెండ్ ఆన్, వెయిట్ ఫర్ మన ‘మీద’, ‘కోసం’తో కుదురుతాయి కాబట్టి గొడవ లేదు. మ్యారీడ్ టు, గుడ్ ఎట్ కుదరవు. డిస్కస్ అయితే ‘గురించి’ని దగ్గరికే రానివ్వదు. కుదరని వాటినే విడిగా రాసుకుని జంటలుగా నేర్చుకుంటే చాలు. వంద ప్రిపొజిషన్ల పట్టిక ఎవరికీ అక్కర్లేదు.

పేరా మొత్తంలో ఖాళీలిచ్చే క్లోజ్ టెస్టును చాలామంది మొదటి ఖాళీ దగ్గరే ఆగి కుస్తీ పడుతూ చేస్తారు. 1953లో విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని ప్రతిపాదించింది గ్రామర్ పరీక్షించడానికి కాదు, ఒక రచన చదువరికి ఎంత సులువుగా అందుతుందో కొలవడానికి. జవాబుకు ఆధారం రెండు వాక్యాల అవతల ఉండొచ్చు. అందుకే ఖాళీలను డాష్ అని చదువుకుంటూ చివరిదాకా ఒకసారి పోవాలి. రెండోసారి ఆప్షన్లను చేత్తో మూసి సొంత మాట రాయాలి. ఆ తర్వాతే చెయ్యి తీయాలి. ముందే నాలుగు ఆప్షన్లు చూస్తే నాలుగూ సరైనవిగానే వినిపిస్తాయి.

‘1-బి, 2-డి’ అని కీ ఇచ్చి వదిలేసే మెటీరియల్ మీద నా కోపమంతా ఇందుకే. సరైన జవాబు ఏదో చెప్పడం పావు పని. మిగతా మూడు ఎందుకు పనికిరావో పిల్లల చేత చెప్పించాలి. రోజుకు యాభై బిట్లు గీకించే బదులు పదే ఇవ్వండి, ఒక్కోదానికి మూడు కారణాలు అడగండి. ‘ఇక్కడ సిన్స్ ఎందుకు కాదు?’ అంటే, ‘త్రీ ఇయర్స్ మొదలు కాదు సార్, నిడివి’ అని క్లాసులో చివరి బెంచీ నుంచి కూడా వినపడాలి.