రెండు ముందుచూపులున్న రైల్వే

1950లలో బ్రిటిష్ రైల్వేలను నడిపిన పెద్దలకు ముందుచూపు లేదని రైలు చరిత్ర రాసేవాళ్లు తరచూ ఆడిపోసుకుంటూ ఉంటారు. ఇది అన్యాయం. లేకపోవడమేమిటి, వాళ్లకు రెండున్నాయి. ఒకటేమో నలభై ఏళ్లు పనిచేసే గూడ్స్ ఇంజన్ తయారు చేయించింది. రెండోది అదే ఇంజన్‌ని పదేళ్లలో తుక్కు కింద అమ్మే ఏర్పాట్లు చూసింది. ఈ రెండూ ఒకే సంస్థలో ఒకదాని పనికి ఒకటి అడ్డురాకుండా నడిచాయంటే ఆ క్రమశిక్షణ ఎలాంటిదో ఆలోచించండి.

ఆ ఇంజన్‌ని 9ఎఫ్ అంటారు. మొదటిది 1954 జనవరిలో ఇంగ్లండ్‌లోని క్రూ అనే ఊరి వర్క్‌షాప్ నుంచి బయటికొచ్చింది. దీని వెనకున్న పెద్దమనిషి రైల్వే ఇంజనీరింగ్ వ్యవహారాలు చూసిన రాబర్ట్ రిడిల్స్. ఆయన లెక్క సూటిగా ఉంటుంది: బొగ్గు సొంత గనుల్లోనే ఉంది, చమురు బయటి నుంచి తెచ్చుకోవాలి, కాబట్టి కరెంటు లైన్లు పడేదాకా ఆవిరితోనే లాగిద్దాం. తొలి ఇంజన్ పట్టాలెక్కే నాటికే ఆయన రిటైరైపోయారు. తర్వాత జరిగింది కుర్చీలో కూర్చుని చూడాల్సిన బాధ తప్పింది.

యంత్రం మాత్రం ముచ్చటైనది. ముందు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక పది పెద్ద చక్రాలు, ఒక్కోటీ ఐదడుగుల ఎత్తు. అంత పొడుగు బండి మలుపులో పట్టాలను ఒరుసుకుంటుంది కదా? అందుకే నడిమి జతకు అసలు ఫ్లాంజే, అంటే చక్రాన్ని పట్టా మీంచి జారకుండా ఆపే అంచే, పెట్టలేదు. నున్నటి చక్రం, మలుపొస్తే పట్టా మీదే కాస్త పక్కకు జరిగి తన దారిన తాను పోతుంది. ఎవరితోనూ గొడవ పెట్టుకోని ఇలాంటి ఉద్యోగి ఏ ఆఫీసులోనైనా ఎక్కువ కాలం నిలవాలి. ఇక్కడ నిలవలేదు.

1955 జనవరిలో ఆధునికీకరణ ప్రణాళిక వెలువడింది. ఖర్చు 124 కోట్ల పౌండ్లు, సారాంశం ఒక్కటే: ఆవిరికి సెలవు, ఇక డీజిలూ కరెంటూ. అప్పటికి తయారైన 9ఎఫ్‌లు కొన్నే. మామూలు బుర్రలైతే అక్కడితో పని ఆపించేవి. వీళ్లు ఆపలేదు. కూల్చేయాలని నోటీసు అంటించిన ఇంటికి పై అంతస్తు వేసినట్టు, క్రూలో 198, స్విండన్‌లో 53, మొత్తం 251 పూర్తయ్యేదాకా ఊపిరి సలపకుండా కట్టారు. మాట మీద నిలబడటమంటే ఇదీ. రెండు మాటలిచ్చారు, రెండింటి మీదా నిలబడ్డారు.

మధ్యలో ప్రయోగాలు కూడా చేశారండోయ్. పది ఇంజన్లకు ఇటలీ పద్ధతిలో క్రోస్టీ బాయిలర్ బిగించారు. బయటికి పోయే పొగతోనే నీళ్లు ముందుగా వేడెక్కించి బొగ్గు ఆదా చేయాలన్నది ఆలోచన. ముందున్న పొగగొట్టం పొయ్యి రాజేసేటప్పటికే పరిమితం. అసలు పొగంతా ఇంజన్ పక్కన, క్యాబ్‌కి కాస్త ముందున్న గొట్టంలోంచి వచ్చేది. అంటే డ్రైవర్, ఫైర్‌మన్‌ల ముక్కు దగ్గరికి. ఆశించినంత బొగ్గు మిగల్లేదు, పొగలోని ఆమ్లం మాత్రం లోహాన్ని తినేసింది. చివరికి ఆ అదనపు సరంజామాను మూసేసి మామూలు ఇంజన్లుగా మార్చారు. ఆదా అయిందల్లా ఫైర్‌మన్ సిగరెట్ ఖర్చేమో!

ఈ ఇంజన్ చేసిన అసలు నేరం వేరే ఉంది. గూడ్స్ లాగమని చేసిన బండి, ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు దొరకని రోజుల్లో ప్యాసింజర్ డ్యూటీకి వెళ్లి గంటకు 90 మైళ్లు అందుకుంది. ఆ వేగంలో ఐదడుగుల చక్రం నిమిషానికి 500 సార్లు తిరగాలి. లెక్క వేసిన వాళ్లకు కళ్లు తిరిగాయి. భాగాలు అరిగిపోతాయన్న భయంతో, ఇకపై దీన్ని వేగమైన రైళ్లకు వాడొద్దని పైనుంచి ఆదేశాలొచ్చాయి. ఆ జాగ్రత్త మెచ్చుకోదగ్గదే. పదేళ్లలో తుక్కయ్యే వస్తువు మధ్యలో అరిగితే ఎంత అప్రతిష్ఠ! టైన్ డాక్ నుంచి కొండమీది కాన్‌సెట్ ఉక్కు ఫ్యాక్టరీకి ఇనుప ఖనిజం మోసిన పది 9ఎఫ్‌ల మీద మాత్రం ఫిర్యాదుల్లేవు. వ్యాగన్ తలుపులు గాలి ఒత్తిడితో తెరిచేందుకు వాటి పక్కన పంపులు బిగించారు. లాగడం, తలుపు తీయడం, రెండూ వాటి పనే. 1966లో ఆ పనీ పోయింది.

చివరి ఇంజన్ కథ మరీ కమ్మగా ఉంటుంది. 1960 మార్చిలో స్విండన్‌లో తయారైన 92220, బ్రిటిష్ రైల్వేల కోసం కట్టిన ఆఖరి ఆవిరి ఇంజన్. పేరు కోసం సిబ్బందికి పోటీ పెడితే ముగ్గురు ఒకే పేరు పంపారు: ఈవెనింగ్ స్టార్. మిగతావన్నీ నల్లరంగు కూలీలైతే దీనికి ఆకుపచ్చ రంగు, పొగగొట్టానికి రాగి అంచు. పురిట్లోనే దీన్ని మ్యూజియానికి రాసేశారు కూడా. ఉద్యోగంలో చేరే రోజునే వీడ్కోలు సభ జరిపినట్టయింది. ఐదేళ్లకు, 1965 మార్చిలో, డ్యూటీ నుంచి తప్పించారు.

చిత్తరంజన్‌లో మన వాళ్లు 1970లో ఆఖరి డబ్ల్యూజీ గూడ్స్ ఇంజన్ కట్టి అంతిమ్ సితారా అని పేరు పెట్టారు. ఆ తరగతిలో మొదటివి చేసిచ్చిన గ్లాస్గో కంపెనీ నార్త్ బ్రిటిష్, డీజిల్ ఇంజన్ల వ్యాపారంలో దెబ్బతిని 1962లోనే మూతపడింది. మన బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి మాత్రం 1995 దాకా నడిచింది. ఎంత వెనకబాటుతనమో!

అక్కడ ఆధునికత ఎలా వచ్చిందంటే, అదే స్విండన్ వర్క్‌షాపులో 1964, 65లలో క్లాస్ 14 డీజిళ్లు 56 కట్టారు. చిన్న యార్డులు, చిల్లర గూడ్స్ కోసం. కట్టడం అయ్యేలోపు ఆ చిల్లర గూడ్సే మాయమైంది. 1969 నాటికి రైల్వే వాటినీ వదిలించుకుంది. అంటే ఆవిరి పట్ల కక్ష ఏమీ లేదు, అందరికీ ఒకే న్యాయం.

9ఎఫ్‌లలో మిగిలినవి తొమ్మిది. అందులో ఏడు వేల్స్‌లోని బారీ తుక్కు యార్డులో బతికాయి. యజమాని డాయ్ వుడ్‌హామ్‌కి పాత వ్యాగన్లు కోయడంతోనే తీరికలేక ఇంజన్లు అలాగే పడున్నాయి. ప్రణాళికలేవీ లేని మనిషి, అందుకే నష్టమేమీ చేయలేకపోయాడు.

1968 జూన్‌తో 9ఎఫ్‌ల సర్వీసు పూర్తయింది. ఆగస్టు 11న ఆవిరికి ఆఖరి వీడ్కోలుగా లివర్‌పూల్ నుంచి కార్లైల్‌కి వెళ్లొచ్చే స్పెషల్ నడిపారు. టికెట్ 15 గినీలు (గినీ అంటే ఒక పౌండు, పైన ఒక షిల్లింగు). ఆ రోజుల్లో అది చిన్న మొత్తమేం కాదు, అయినా జనం కొనుక్కుని ఎక్కారు. మర్నాటి నుంచి రైల్వే తన మార్గాల్లో ఆవిరి ఇంజన్లను నిషేధించింది. అంత రేటుకు టికెట్లు అమ్ముడుపోతున్నాయని తెలిశాక ఇంకొక్క రోజు నడిపినా ప్రణాళికకు తలవంపులే కదా!