కిర్పాన్ గొడవ తేలేది నిషేధంతో కాదు, గట్టి కుట్టుతో

బడిలో కిర్పాన్ (సిక్కులు మతచిహ్నంగా ఒంటి మీద ధరించే కత్తి) అనగానే కామెంట్లలో ఒకటే ప్రశ్న: "చదువుకోడానికి వచ్చే పిల్లాడికి కత్తెందుకు?" అడగడంలో తప్పేం లేదు. కానీ ఆ పిల్లాడు దాన్ని ఎలా కట్టుకుంటాడో, ఒంటి మీద ఎక్కడ ఉంటుందో కనుక్కోకుండానే తీర్పు చెప్పేస్తున్నారు. నా కోపమంతా దాని మీదే.

అమృత్ (మతదీక్ష) తీసుకున్న సిక్కుకు 'క'తో మొదలయ్యే ఐదు చిహ్నాలు, అంటే ఐదు కకారాలు, ఒంటి మీద ఉండి తీరాలి: కత్తిరించని జుట్టు (కేశ్), చెక్క దువ్వెన (కంఘా), ఉక్కు కడియం (కడా), కఛేరా అనే లోదుస్తు, కిర్పాన్. 1699లో గురు గోవింద్ సింగ్ దీక్ష తీసుకున్న సిక్కుల సంఘమైన ఖాల్సాను స్థాపించినప్పటి నుంచి వస్తున్న నియమం ఇది. కిర్పాన్ చేత్తో పట్టుకు తిరిగేది కాదు. గాత్రా అనే పట్టీకి ఉంటుంది. జంధ్యం ఎడమ భుజం మీంచి దిగితే గాత్రా కుడి భుజం మీంచి దిగుతుంది. చాలామంది పిల్లలకు అది చొక్కా లోపలే ఉంటుంది.

2001లో కెనడాలోని మాంట్రియల్‌లో గుర్బాజ్ సింగ్ ముల్తానీ అనే 12 ఏళ్ల అబ్బాయి కిర్పాన్ బడి ఆవరణలో జారి కింద పడింది. షరతులతో పెట్టుకోనిద్దామని విద్యాబోర్డు న్యాయవాది రాశారు, తల్లిదండ్రులూ సరేనన్నారు. బడి పాలకమండలి మాత్రం ఒప్పుకోలేదు. విషయం కోర్టుకెక్కింది. 2002లో అక్కడి సుపీరియర్ కోర్టు పెట్టిన షరతులను ప్రతి హెడ్మాస్టరూ ఓసారి చదవాలి. కిర్పాన్ బట్టల లోపల ఉండాలి. ఒర లోహంది కాకుండా చెక్కది కావాలి. ఒరతో సహా దాన్ని మందపాటి గుడ్డ సంచిలో పెట్టి కుట్టేయాలి, ఆ సంచిని గాత్రాకు కుట్టాలి. సిబ్బంది మర్యాదగా తనిఖీ చేయొచ్చు. పిల్లాడు దాన్ని ఎవరి చేతికీ ఇవ్వకూడదు, పోతే వెంటనే చెప్పాలి. అలా రెండు చోట్ల కుట్టి ఉంటే ముందసలు ఆ కిర్పాన్ జారేదే కాదు!

అప్పీల్ కోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2006 మార్చి 2న కెనడా సుప్రీంకోర్టు మళ్లీ పిల్లాడి పక్షానే నిలిచింది. బడిలో కత్తెరలు, పెన్సిళ్లు, బేస్‌బాల్ బ్యాట్లు ఎవరికైనా చేతికందేవేనని గుర్తుచేసింది. అప్పటికి ఆ అబ్బాయి ఆ బడిలోనే లేడు.

ఆ తీర్పులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే సంగతి వేరే ఉంది. చెక్కదో ప్లాస్టిక్‌దో పెట్టుకోవచ్చు కదా, మిగతా సిక్కులు సర్దుకుంటున్నారు కదా అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. చూడాల్సింది ఈ పిల్లాడి నమ్మకం నిజాయితీగా ఉందా లేదా అనే. మన బడుల్లోనూ ఇదే మాట వినిపిస్తుంది: "పక్క సెక్షన్ అబ్బాయి జుట్టు కత్తిరించుకున్నాడుగా, నీకేంటి?" అమృత్ తీసుకున్నవాళ్లున్నారు, తీసుకోనివాళ్లున్నారు. ఒకరి నిర్ణయాన్ని చూపించి ఇంకొకరి నిర్ణయాన్ని తీసేయమనే హక్కు టీచరుకు లేదు. ఇంట్లోవాళ్లకూ అంతే, ఇష్టం లేని పిల్లలకు బలవంతంగా కట్టకూడదు.

ప్రమాదమే లేదని నేననను. 2021 మేలో సిడ్నీలో ఒక విద్యార్థి కిర్పాన్‌తో ఇంకో విద్యార్థిని పొడిచాడు. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో కిర్పాన్‌ను వెంటనే నిషేధించింది. కొన్ని నెలలకే ఆ నిషేధం తీసేసి, చిన్నది, పదునూ మొనా లేనిది బట్టల లోపల కట్టుకోవచ్చని నిబంధనలు పెట్టింది. మొదటి రోజే చేయాల్సిన పని అది.

కిర్పాన్ వార్తల్లోకి వస్తుంది, సిక్కు పిల్లలు తలకు కట్టుకునే పట్కా రాదు. పిల్లల్ని రోజూ ఏడిపించేది మాత్రం పట్కా దగ్గరే. చదరపు గుడ్డ, మూలలకు తాళ్లు. జుట్టు దువ్వి నడినెత్తిన జూడా (ముడి) చుట్టి, దాని మీద బిగించి కడతారు. తోటిపిల్లాడు సరదాకి లాగితే జూడా ఊడిపోతుంది, చిన్న తరగతుల పిల్లలు తమంతట తాము మళ్లీ కట్టుకోలేరు. దాన్ని అల్లరి కింద కొట్టేయకండి, అది వేధింపే. బ్యాగులో ఇంకో పట్కా, కట్టుకోడానికి అద్దమున్న గది, ఇంటికి ఒక ఫోను, ఇవి చాలు.

కడా విషయంలో బడి భయం కొంత నిజమే. కబడ్డీలో అవతలివాడి మొహానికి తగలొచ్చు. మణికట్టుకు స్పోర్ట్స్ బ్యాండ్ తొడిగితే సరిపోతుంది. వర్క్‌షాపులో తిరిగే లేత్ యంత్రం దగ్గర, కరెంటు పనిలో బ్యాండ్ చాలదు. అక్కడ ఆ పిల్లాడికి వేరే పని ఇవ్వాలి, తల్లిదండ్రులూ పట్టుబట్టకూడదు. బ్రిటన్‌లో, వేల్స్‌లోని అబర్‌డేర్‌లో మాత్రం కడా తీయనన్నందుకు ఒకమ్మాయిని మిగతా పిల్లల నుంచి వేరుగా కూర్చోబెట్టారు. అది వివక్షేనని 2008లో అక్కడి హైకోర్టు తేల్చింది.

మన రాజ్యాంగం 25వ అధికరణ వివరణలో కిర్పాన్ ధరించడం సిక్కు మతాచరణలో భాగమేనని రాసే ఉంది. మిగతా మతాలవాళ్లు తమ ఆచారం "తప్పనిసరి" అని కోర్టులో నిరూపించుకోవాలి. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. 2022 అక్టోబరులో హిజాబ్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చినప్పుడు, చివరికి ఇది వ్యక్తి ఎంపికకు సంబంధించిన విషయమని జస్టిస్ ధూలియా రాశారు. నేను ఆయన మాటే నమ్ముతాను.

1832లో నిజాం సేవకు వచ్చిన సిక్కు సైనికుల సంతతి ఇవాళ్టికీ హైదరాబాద్‌లో ఉంది, వాళ్ల పిల్లలు మన పిల్లల పక్కనే చదువుతున్నారు. నీట్ పరీక్షకు కడా, కిర్పాన్‌లతో వచ్చేవాళ్లు ఒక గంట ముందు రావాలని షరతు పెట్టి ఢిల్లీ హైకోర్టు 2018లోనే అనుమతించింది. బడికి అంత తతంగం కూడా అక్కర్లేదు. జూన్‌లో అడ్మిషన్ రోజే ఒక కాగితం మీద కుట్టు ఎలా ఉండాలో, తనిఖీ ఎవరు చేస్తారో, ఆటల పీరియడ్‌లో ఏం చేయాలో రాసుకుని, తల్లిదండ్రులూ హెడ్మాస్టరూ సంతకాలు పెట్టి, ఒక కాపీ పీఈటీ సారుకిస్తే సరి.